వేలు ఒకరిది, ప్రశ్న ఒకరిది

అమీర్‌పేటలో గ్రాఫులు గీయడం నేర్పి బతికే మనిషిని నేను. మెట్రో స్తంభాల పక్కన, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న బోర్డుల మధ్య మా కోచింగ్ సెంటర్ బోర్డు ఎక్కడుందో ఒక్కోసారి నాకే కనపడదు. డిగ్రీ చేతబట్టుకుని ఊళ్ల నుంచి దిగిన పిల్లలకు డాష్‌బోర్డులు చేయడం చెబుతాను. డాష్‌బోర్డంటే ఒక ఆఫీసు లెక్కలన్నీ కంప్యూటర్ తెర మీద గీతలుగా, కడ్డీలుగా కనపడే పేజీ. ఊరికే చూసేది కాదు. కావలసిన నెలనో, బ్రాంచినో, సరుకునో నొక్కితే దానికి సంబంధించిన గీత పైకి వస్తుంది. మీ గ్రాఫు నొక్కితే మాట్లాడాలి అని కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా గొప్పగా చెప్పేదాన్ని.

ఆ మాట మీద నాకే అనుమానం పుట్టించినవాడు సోమాజిగూడలో ఒక కంపెనీ మేనేజరు. ఆయనకు ఒక డాష్‌బోర్డు చేసిచ్చాను. కొన్నాళ్లకు ఫోన్ చేసి, ఎంత నొక్కినా అది కదలడం లేదని గట్టిగానే మాట్లాడాడు. క్లాసు మధ్యలో ఆపి ఆటో ఎక్కాను. వెళ్లి చూస్తే ఆయన చేతిలో ఫోను, ఫోనులో వాట్సాప్, వాట్సాప్‌లో నా డాష్‌బోర్డు ఫొటో. రోజూ పొద్దున ఆఫీసులో ఒకమ్మాయి అసలు పేజీ తెరిచి, స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడుతుందట. ఈయన ఆ ఫొటో మీద వేలు పెట్టి నొక్కుతున్నాడు. అసలు పేజీ మీరే తెరవొచ్చు కదండీ అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"గదంత పిల్లలే తెరుస్తరు మేడం. మనకు ఏం గావాల్నో చెప్తే వాళ్లే చూసి పెడ్తరు."

బస్టాపు దాకా నవ్వుకుంటూ వచ్చాను. బస్సులో కూర్చున్నాక ఆ నవ్వు ఆగిపోయింది. ఆయన చేసింది తప్పేమీ కాదు. మన ఆఫీసుల్లో పెద్దవాళ్లు మౌస్ పట్టుకోరు. కుర్చీ వెనక నిలబడి, జర కిందికి పో, ఇంకా పో, ఆ అక్కడ ఆపు అంటారు. బ్యాంకులో అంతే, మీసేవలో అంతే, ఇంట్లో టీవీ ముందూ అంతే. నేను నేర్పే చదువేమో మౌస్ పట్టుకున్న మనిషీ, ప్రశ్న ఉన్న మనిషీ ఒక్కరే అనుకుని రాసింది. ఒకరు కాకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్న చెవిలో జోరీగలా దూరింది, ఇక వదల్లేదు.

అలా నలభై దాటాక పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. మనుషులు గ్రాఫులతో ఎలా మెలుగుతారన్నది నా అంశం. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నువ్వు, నిన్నెవరు ఆపుతారు అన్నారు మా ఆయన. అది తిట్టో మెచ్చుకోలో ఇప్పటికీ తేల్చలేదు. పొద్దున అమీర్‌పేటలో క్లాసులు, మధ్యాహ్నం పంజాగుట్టలో పరిశోధన. ఒక స్టేషను దూరం. చాలాసార్లు నడిచే వెళ్లేదాన్ని, ఎండలో కూడా. నడిస్తే కోపం తగ్గుతుంది, నాకు కోపం ఎక్కువ.

పంజాగుట్ట మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక షుగర్ క్లినిక్ ఉంది. అక్కడి డాక్టరమ్మ ల్యాబ్ పక్కన చిన్న గది ఇచ్చింది. రోగుల చేతికి రూపాయి బిళ్లంత పరికరం అంటించి, రెండు వారాలు ఉంచి పంపిస్తారు. అది రాత్రీ పగలూ ఒంట్లో షుగర్ ఎంతుందో చూసుకుంటూ ఉంటుంది. పరికరం తీశాక ఆ లెక్కంతా నేను చేసిన తెర మీద గీతగా వస్తుంది. కావాలంటే ఒక్క రోజుదే చూడొచ్చు, పొద్దుటివే చూడొచ్చు, సోమవారాలన్నీ ఒకచోట పెట్టి చూడొచ్చు, లేదా అన్ని రోజులకూ కలిపి సగటు గీత చూడొచ్చు. మీ షుగర్ గురించి మీకేం తెలుసుకోవాలనుందో చూసుకోండి అని రోగికి చెప్పి నేను పక్కన కూర్చోవాలి. నోరు మెదపకూడదు, మౌస్ ముట్టకూడదు. ఏది ఎప్పుడు నొక్కారో కంప్యూటర్ తనంతట తాను రాసుకుంటుంది. మాటలు నా ఫోనులో రికార్డు అవుతాయి. ఒక్క షరతు: రోగి ఎదురుగా లేనప్పుడు వాళ్ల షుగర్ అంకెలు నేను తెరవకూడదు. నాకు అనుమతి ఉన్నది నొక్కుళ్లకూ మాటలకూ మాత్రమే. న్యాయమైన షరతే.

మొదటి వారంలోనే నా పథకం మొదటికి వచ్చింది. దాదాపు ఎవరూ ఒంటరిగా రారు. ఆస్పత్రికి తోడు లేకుండా వెళ్లడం మనకు అలవాటు లేదు కదా. తల్లితో కూతురు, మామగారితో కోడలు, భార్యతో భర్త. రోగిని కుర్చీలో కూర్చోమంటే, నాకేం తెలుస్తది, నువ్వే కూసో అని తోడొచ్చిన వాళ్లను ముందుకు తోస్తారు. కళ్లజోడు ఎవరికి ఉంటే మౌస్ వాళ్లది. రోగి వెనక నిలబడి గడ్డంతో చూపిస్తూ, అటు కాదు ఇటు అంటుంటారు. కొందరు అదీ అనరు.

రికార్డులు వినడం మొదలుపెట్టాక అసలు సంగతి తెలిసింది. కంప్యూటర్ రాసుకున్నదాంట్లో నొక్కినవన్నీ ఉన్నాయి, అడిగినవి లేవు. ఒక పెద్దాయన నా పండుగ రోజు చూపించమని అడిగితే కూతురు నవ్వి వేరేది నొక్కింది. కంప్యూటర్ లెక్కలో ఆ పెద్దాయన ఏమీ అడగలేదు. పైగా, వినియోగదారుడు పని విజయవంతంగా పూర్తి చేశాడు అని రాసుకుంది. ఎవరు పూర్తి చేశారు? ఎవరి పని?

ఆ జంట వచ్చింది ఆ రోజుల్లోనే. యూసుఫ్‌గూడ నుంచి. ఆయన ఏదో ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరైనాడు. ఆమెకు షుగర్. ఆయన చేతిసంచిలో నీళ్ల సీసా, బిస్కెట్లు, మాత్రల డబ్బా, పాత రిపోర్టులు అన్నీ వరసగా ఉన్నాయి. భార్య మాత్ర వేళ ఒక్కపూట కూడా తప్పనివ్వనని నాకు రెండుసార్లు చెప్పాడు. చూసి ముచ్చటేసింది. కుర్చీలో ఆయనే కూర్చున్నాడు. ఆమె వెనక నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటూ తెర వైపు చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఆదివారాలు ఒక్కటే సూడొస్తదా?"

"ఆదివారం ఏముంటది, అన్ని రోజులు గట్లనే" అంటూ ఆయన సగటు గీత నొక్కాడు.

అది చక్కగా, సాఫీగా వచ్చింది. మస్తుంది, ఇగ ఫికర్ లేదని ఆయన భార్య వైపు తిరిగి నవ్వాడు. ఆమె కూడా నవ్వి, సరే తియ్యి అంది. అంతలో డాక్టర్ గది నుంచి వాళ్ల టోకెన్ పిలిచారు. ఆయన లేచి ఆమె చెప్పులు దగ్గరికి జరిపాడు, ఇద్దరూ వెళ్లిపోయారు. ఆదివారాల్లో ఏముందని అడిగిందో నాకు తెలియలేదు. తెలుసుకునే దారీ లేదు, అంకెలకు తాళం పడింది. ఆ సాయంత్రం అమీర్‌పేట దాకా నడిచినా కోపం తగ్గలేదు. ఎవరి మీద కోపమో కూడా తెలియదు. ఆయన మీద మాత్రం కాదు.

మా గైడు సార్ చెడ్డవాడు కాదు. పద్ధతి మనిషి. నా లెక్కలు చూసి, పరిష్కారం తేలిక, తోడుతో కూర్చున్న సెషన్లన్నీ తీసెయ్యి, ఒంటరిగా కూర్చున్నవే ఉంచు అన్నారు. అలా మిగిలేవి చాలా కొద్ది. అవీ ఆఫీసు మధ్యలో పర్మిషన్ పెట్టి వచ్చి, నిమిషంలో అన్నీ నొక్కేసి పోయే కుర్రాళ్లవి. వాళ్లతో రాస్తే అది ఒంటరివాళ్ల శాస్త్రం అవుతుంది సార్, మన ఊరి శాస్త్రం కాదు అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా, అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. చూడాలని నిజంగా ఉంటే వాళ్లే నొక్కుతారు."

"అడిగారు సార్. అడిగినా పెట్టలేదు, అదే కదా నేను చెప్పేది."

తర్వాత నెలల తరబడి ఇదే గొడవ. సార్ వైపు కూడా న్యాయం లేకపోలేదు. తోడొచ్చిన మనిషి ఉంటే ఏ నొక్కుడు ఎవరిదో విడదీయలేం. అడిగిన మాటను ఎలా లెక్కపెట్టాలి, గొణిగినదాన్ని ఎలా, అడగబోయి మానుకున్నదాన్ని ఎలా? ఇద్దరు మనుషులకు ఒక తెర ఎలా ఉండాలి? అడిగి వదిలేసిన ప్రశ్న పోకుండా తెర దాన్ని ఏ మూలనైనా పట్టి ఉంచగలదా? వీటికి నా దగ్గరే కాదు, నేను చదివిన వాటిలోనూ జవాబు లేదు. సెంటర్‌లో నాతో పాఠాలు చెప్పే ఒకాయన, ఏముందండీ, మాటతో నడిచేలా చేసేయండి, మైకు పెడితే సరి అన్నాడు. పెట్టి చూశాను. మైకు ఆ గదిలో పెద్ద గొంతు ఎవరిదైతే వాళ్ల మాటే వింది. ఆ మాత్రం దానికి మైకెందుకు, మొగుళ్లు చాలు.

చివరికి వ్యవహారం పీహెచ్‌డీ కమిటీ ముందుకు వెళ్లింది. అప్పటికే నాకిచ్చిన గడువు ఒకసారి పొడిగించారు, ఇంకోసారి కుదరదని ముందే చెప్పారు. తోడున్న సెషన్లు తీసేయమంటే నా పని మొత్తం పోయినట్టే. మళ్లీ మొదటి నుంచి చేసే వ్యవధి లేదు. తాడో పేడో తేల్చుకోవాలనే వెళ్లాను. ఆ రోజు క్లాసులకు సెలవు పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని, పొద్దున టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తినలేక సగం వదిలేశాను. భయమేసింది. కానీ వెనక్కి తగ్గే ఉద్దేశం లేదు.

పంజాగుట్ట ఫ్లైఓవర్ కనపడే గదిలో సమావేశం. ఒక పెద్ద ప్రొఫెసర్ అధ్యక్షుడు, వేరే కాలేజీ నుంచి వచ్చిన ఒక మేడమ్ సభ్యురాలు, మా సార్. నా గ్రాఫులు తెర మీద పెట్టాను. నేను మాట్లాడుతుంటే మౌస్ సార్ పట్టుకున్నారు. అధ్యక్షుడు కుర్చీలో వెనక్కి వాలి, పైకి, ఇంకొంచెం పైకి, ఆ రెండో గీత పెద్దది చెయ్యండి అంటున్నారు. సార్ చేస్తున్నారు. మధ్యలో మేడమ్ ముందుకు వంగి, ఆడవాళ్లు రోగులుగా వచ్చినవి విడిగా చూడొచ్చా అని అడిగారు. అదే క్షణంలో అధ్యక్షుడు తర్వాతి పేజీ అన్నారు. సార్ తర్వాతి పేజీకి వెళ్లారు. మేడమ్ మళ్లీ వెనక్కి వాలి తన కాగితాలు చూసుకున్నారు.

ఇప్పుడు నోరు తెరిస్తే పొగరంటారు. తెరవకపోతే నేను ఇన్నాళ్లు చేసిందంతా అబద్ధం.

"సార్, మేడమ్ ఒకటి అడిగారు. అది మనం చూడలేదు. కంప్యూటర్‌ని అడిగితే మేడమ్ ఏమీ అడగలేదనే చెబుతుంది. తీసేయమంటున్న సెషన్లలో ఉన్నది ఇదే సార్."

మా సార్ ముఖం ఎర్రబడింది. ఆయనను నలుగురిలో నిలబెట్టినందుకు నాకూ బాధేసింది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు. మేడమ్ మాత్రం నన్ను సూటిగా చూసి, నేను అడిగిన మాట నిజమే అన్నారు. అధ్యక్షుడు నవ్వేశారు. బాగానే పట్టుకున్నావమ్మా, కానీ ఇది సమావేశాల్లో మామూలే, దీనివల్ల మునిగిందేముంది అన్నారు. నొక్కని ఆ నొక్కుడు వల్ల నిజంగా ఎవరికైనా ఏదైనా తేడా పడిందని ఒక్క సందర్భం చూపించు, సెషన్లన్నీ ఉంచుకో. చూపించలేకపోతే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే, మీ సార్ చెప్పినట్టు తీసెయ్యి. ఇదీ తీర్పు. గడువు ఈ టర్ము చివరి దాకా.

మెట్లు దిగుతుంటే సార్ నా వెనకే వచ్చారు. తిడతారనుకున్నాను. ఎవరిని పిలుస్తావు అని మాత్రం అడిగారు. యూసుఫ్‌గూడ వాళ్లను అన్నాను. ఆలోచించాల్సిన పనే లేకపోయింది. ఆయన తల ఊపి, ఈసారి మౌస్ నువ్వు పట్టుకో, కొత్త పద్ధతి అని అనుమతి కాగితం నేను రాయిస్తాను అన్నారు. రోడ్డు మీదికి వచ్చాక ఆ మాట గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

క్లినిక్‌లో వాళ్లు తర్వాత చూపించుకోవాల్సిన రోజు కనుక్కుని, ఆ రోజు పొద్దున్నే వెళ్లి గదిలో కూర్చున్నాను. డాక్టరమ్మకు విషయం చెప్పి ఉంచాను. ఇద్దరూ వచ్చారు, అదే చేతిసంచి. ఈసారి కుర్చీలో ఆమెను కూర్చోమన్నాను. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన, కూసో కూసో అని తనే కుర్చీ జరిపాడు. నేను స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుని, పోయినసారి లెక్కే తెరిచి మౌస్ పట్టుకున్నాను. ఈసారి మీరు అడగండమ్మా, ఏది అడిగితే అది నేను చూపిస్తాను అన్నాను. ఆమె కొంగు సర్దుకుంది. ఎందుకు బిడ్డా ఇదంత అంది. ఆమె నోట వచ్చేదాకా ఎంతసేపైనా సరే, నా అంతట నేను ఆదివారం మాట ఎత్తకూడదని పంతం పట్టుకుని కూర్చున్నాను.

"ఆదివారాలే జర సూపియ్యి" అంది చివరికి.

నొక్కాను. సగటు గీత పోయి, రెండు ఆదివారాల గీతలు ఒకదాని పక్కన ఒకటి వచ్చాయి. పొద్దున్నంతా బాగానే నడిచి, మధ్యాహ్నం అయ్యేసరికి రెండూ కిందికి జారాయి. షుగర్ ఇంతకంటే తగ్గకూడదన్న హద్దు దగ్గర నేను ఎర్ర గీత గీసి పెట్టాను, దాన్ని దాటి ఇంకా కిందికి. మూడు గంటలు దాటాక గాని పైకి లేవలేదు. మిగతా రోజుల్లో ఎక్కడా అలా లేదు. అన్నిటినీ కలిపి సగటు తీసేసరికి అవి కనపడకుండా పోయాయి.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది, గొంతు పెంచకుండా. ఆదివారం బిడ్డలు, అల్లుండ్లు, మనుమలు అందరూ వస్తారు. పొద్దున మాత్ర మామూలు వేళకే పడుతుంది, ఆయన తప్పనివ్వడు. దాని మీద ఒక చాయ, అంతే. తర్వాత కూర, బగారన్నం, మళ్లీ రొట్టెలు అన్నీ వండాలి. పిల్లలు తిని, మగవాళ్లు తిని, ఆడబిడ్డలు తిన్నాక ఆమె తింటుంది. ఆలోపు పొయ్యి దగ్గర కళ్లు తిరుగుతాయి, చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. ఒకసారి గిన్నె చేజారింది. చెబితే, పొయ్యి కాడ ఉడుకుకు గట్లనే ఉంటదని ఇంట్లో అందరూ అన్నారు. ఆమె కూడా అంతేనేమో అనుకుంది. కానీ అనుమానం పోలేదు. పోయినసారి అడిగింది అందుకే.

కమిటీ అడిగిన ఆ ఒక్క సందర్భం నా ఎదుట ఉంది. సంతోషం కలగాలి కదా, కలగలేదు. మాత్ర పడి తిండి పడకపోతే షుగర్ అలాగే జారిపోతుంది. ఏ ఆదివారమైనా ఆమె పొయ్యి దగ్గరే పడిపోయి ఉండేది, మా కంప్యూటర్ మాత్రం ఆమె పని విజయవంతంగా పూర్తయిందని రాసుకుని ఉండేది.

ఆయన గోడ పక్క బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. మిషన్ తప్పు చూపిస్తుందేమో మేడం అన్నాడు. రెండు వారాలూ ఒకేలా తప్పు చూపించదండీ అన్నాను. ఆయన కళ్లజోడు కోసం జేబు తడుముకున్నాడు. అది మెడలోనే వేలాడుతోంది.

డాక్టరమ్మను పిలుద్దామని లేవబోతూ, అలవాటు చొప్పున తెరను మళ్లీ మొదటి పేజీకి తిప్పబోయాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది. రెండో చేతి వేలు తెర మీద, ఎర్ర గీత కింద, సరిగ్గా గీత జారిన చోట ఆనించింది.

"తియ్యకు బిడ్డా. గట్లనే ఉండనియ్యి. ఆయనను సుత సూడనియ్యి."

నేను మౌస్ వదిలేసి స్టూలు వెనక్కి జరుపుకున్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, లేచి వచ్చి, ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.